నీరు ఎవరి మాట వింటుంది?

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడల్లో వానాకాలం వచ్చిందంటే మాటలన్నీ నాగార్జునసాగర్ మట్టం దగ్గరే మొదలవుతాయి. శ్రీశైలం గేట్లు ఎత్తారా, సాగర్ ఎన్ని అడుగులకు వచ్చింది, ఎడమ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు? ఈ ప్రశ్నల మీదే నారుమడులు పోస్తారు, అప్పులు తెస్తారు, పెళ్లిళ్ల ముహూర్తాలు కూడా ఖాయం చేసుకుంటారు. ఈ సంవాదంలో మామ ఎడమ కాలువ మీద ఏళ్ల తరబడి పనిచేసి డిప్యూటీ ఇంజనీరుగా రిటైరై మిర్యాలగూడలో ఉంటున్నాడు. కోడలు ఆయన అక్క కూతురు. డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. అత్తగారి పొలం నడిగూడెం వైపు, అదే కాలువ కింద ఉంది. ఒకరిది నీళ్లు ముందుగా అందే ఊరు, ఒకరిది చివరగా అందే ఊరు. వాదనలో ఆ తేడా కూడా ఉంది కనుక ముందే చెబుతున్నాను. నాకు ఏదైనా అనిపించిన చోట మధ్యలో నా మాట కూడా చేరుస్తాను.

మామ: నీ రాళ్ల పాఠం తరువాత విందాం కోడలా. ముందు ఒక్కటి చెప్పు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది. అంతకుముందు ఈ చుట్టుపక్కల ఏం పండేది? జొన్న, సజ్జ, ఆముదం. చెరువు కింద నాలుగు మళ్లు వరి. వాడపల్లి దగ్గర కృష్ణ నిండుగా పోతుంటే ఇక్కడి రైతు ఎండిన బావిలోకి తొంగి చూసుకునేవాడు. రాయి అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. నేల అదే, నది అదే. మరి ఇన్ని రైస్ మిల్లులు ఎక్కడి నుంచి వచ్చినయ్? మనిషి కట్ట కడితే వచ్చినయ్. నీరు పోయే దారిని నిర్ణయించేది మనిషే. దీంట్లో వాదన ఏముంది?

కోడలు: కట్ట వల్లే వచ్చాయి మామా, కాదనను. ఆ కట్ట నందికొండ దగ్గరే ఎందుకు కట్టారు? నిజాం కాలం ఇంజనీర్లు చూసిందీ ఆ చోటే, తరువాత ముక్త్యాల రాజా పట్టుబట్టిందీ ఆ చోటు కోసమే, 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిందీ అక్కడే. కృష్ణ నల్లమల కొండల మధ్య ఇరుకున పారుతుంది కాబట్టి. అడుగున గ్రానైట్ జాతి గట్టి రాయి, రెండు పక్కలా గుట్టలు ఉన్నాయి కాబట్టి. కట్టాల్సిన చోటును రాయి ముందే చూపించింది. మనిషి వెతికి పట్టుకున్నాడు, అంతే.

మామ: వెతికి పట్టుకోవడం చిన్న పనా? ప్రపంచంలో రాతి కట్టడంతో లేచిన అతి పెద్ద డ్యాముల్లో అదొకటి. సుమారు 125 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. సిమెంటు కరువున్న రోజుల్లో కూలీలు రాళ్లు మోసి కట్టారు.

కోడలు: ఆ చేతులకు దండం పెడతాను. కానీ నువ్వు కథను డ్యాము దగ్గర మొదలుపెడుతున్నావు. నేను ఇంకా పైనుంచి మొదలుపెడతాను. కృష్ణ మహాబలేశ్వరంలో పుడుతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం అరవై డెబ్బై కిలోమీటర్లు. బంగాళాఖాతం దాకా నది నడిచే దూరం 1,400 కిలోమీటర్లు. దగ్గరి సముద్రాన్ని వదిలి నీళ్లు ఇంత దూరం మన వైపు ఎందుకొస్తున్నాయి?

మామ: వాలు తూర్పుకు ఉంది కనుక.

కోడలు: ఆ వాలు ఉన్నది లావా పీఠభూమి మీద. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో నేల నెర్రెలిచ్చి లావా పొంగింది. ఒక్కసారి కాదు, విడతలు విడతలుగా. పొర మీద పొర గడ్డకట్టి బసాల్టు అయింది. మహారాష్ట్ర కొండలు దూరం నుంచి చూస్తే మెట్లు మెట్లుగా, పైన చదునుగా కనిపించేది అందుకే. ఆ పీఠభూమి పడమటి అంచు లేచి నిలబడి సహ్యాద్రి గోడలాగా ఉండిపోయింది, మిగతాదంతా తూర్పుకు వాలింది. గోడకు ఇవతల పడ్డ ప్రతి చుక్కా మన వైపు రావాల్సిందే. మహాబలేశ్వరంలో ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన సూర్యాపేటలో పడేది అందులో ఐదో వంతు కూడా ఉండదు. అక్కడి వాన ఇక్కడి వరి కావడానికి మొదటి కారణం ఆ లావా.

మామ: కృష్ణ ఒక్కటే కదా?

కోడలు: ఒక్కటే కాదు. గోదావరి నాసిక్ పక్కన త్ర్యంబకేశ్వరంలో పుడుతుంది, అదీ బసాల్టు కొండే. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ మీద వచ్చే గోదావరి నీళ్లు సూర్యాపేట దాకా వస్తున్నాయి కదా. ఇక మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుడుతుంది. ఆ గుట్టలు దక్కన్ లావాకు ఈ వైపు చిట్టచివరి అంచు. పైన ఎర్రటి లాటరైటు కప్పు, కింద నల్లటి బసాల్టు. సూర్యాపేట జిల్లాకు మూడు నీళ్లు వస్తాయి, కృష్ణ, గోదావరి, మూసీ. మూడూ లావా మీదే పుట్టాయి. జిల్లాలో చూస్తే లావా నేల కనిపించదు. గ్రానైటు గుట్టలు, కృష్ణ ఒడ్డున సున్నపురాయి, ఇవే ఉంటాయి. కానీ మనం తాగేదీ, పొలానికి పెట్టేదీ లావా మీది నుంచి దిగివచ్చిన నీళ్లే.

ఈ సంగతి నేను మొదటిసారి విన్నది ఆమె నోటనే. మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి తెలుసు, గ్రానైటు గుట్టలు తెలుసు. మూసీ పుట్టుక కూడా అగ్నిపర్వత శిల మీదేనని ఇక్కడ ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. మామ కాసేపు మాట్లాడలేదు. తరువాత అందుకున్న మాట మాత్రం గట్టిది.

మామ: మంచిది. లావా నీళ్లను తూర్పుకు తోసింది అన్నావు. మరి కొయినా సంగతేంది? కొయినా కృష్ణకు ఉపనది. ఆ నీళ్లను మహారాష్ట్రవాళ్లు నీ లావా గోడకే సొరంగం కొట్టి పడమటికి దించి కరెంటు తీస్తున్నారు. కృష్ణ నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ అందుకు ఏడాదికి 67.5 టీఎంసీలు అనుమతించింది. తూర్పుకు రావాల్సిన నీళ్లు అరేబియా సముద్రంలో కలుస్తున్నాయి. కోట్ల ఏళ్ల వాలును మనిషి ఒక సొరంగంతో తిప్పేశాడు. ఎవరి మాట చెల్లింది?

కోడలు: ఆ గోడ అంత నిట్టనిలువుగా ఉండబట్టే కదా కొయినాలో కరెంటు వస్తోంది. రాయి ఇచ్చిన ఎత్తునే వాడుకున్నారు.

మామ: అట్లంటే ఎట్లా? మనిషి ఏం చేసినా రాయి చేయించిందే అంటే ఇంక వాదనే లేదు. దిక్కు మార్చింది మనిషి. అది ఒప్పుకో.

కోడలు: కొయినా దగ్గర మార్చాడు. ఒప్పుకున్నాను.

మామ: ఇంకోటి. నీ లావా నీళ్లు ఇస్తుంది సరే, ఎప్పుడు ఇస్తుంది? కొండ మీద వాన పడితే ఆ గట్టి రాయి ఎంత పీల్చుకుంటుంది?

కోడలు: తక్కువే. రెండు లావా పొరల మధ్య మెత్తబడ్డ చోట, బుడగలు బుడగలుగా గుల్లబారిన చోట కొంత నిలుస్తుంది. గట్టి పొర తగిలితే పైనుంచే జారిపోతుంది. అందుకే అక్కడి నదులు వానల్లో విరుచుకుపడి వేసవికి సన్నగిల్లిపోతాయి.

మామ: అదే నేను చెప్పేది. నది నిండుగా వచ్చేది రెండు మూడు నెలలు. మా రైతు నాటు వేసి కోత కోసేదాకా నాలుగైదు నెలలు నీళ్లు కావాలి, తరువాత యాసంగి. ఆగస్టులో వచ్చిన నీళ్లను మార్చి దాకా ఆపి ఇవ్వాలంటే రాయి చేయగలదా? సాగర్ నిండితే 590 అడుగులు, 312 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 2,832 కోట్ల లీటర్లు. ఎడమ కాలువ తల దగ్గర 11 వేల క్యూసెక్కులు వదిలితే రోజుకు ఇంచుమించు ఒక టీఎంసీ పోతుంది. లష్కర్ తూము షట్టర్ తిప్పితే మడిలోకి నీరు వస్తుంది. ఆ మడిలోకి ఏ వారం రావాలో చెప్పేది నీ లావా కాదు, మా వారబందీ.

కాలాన్ని మార్చింది కట్టే అన్న ఈ మాట దగ్గర నా మొగ్గు మామ వైపే. నది స్వభావాన్ని గౌరవించాలి అని ఊరికే చెబితే చాలదు. ఎండిన మార్చిలో పొట్టకొచ్చిన పైరు ముందు నిలబడిన రైతుకు జలాశయం అంటే ఏమిటో ఈ జిల్లాలో చూసినవాళ్లకు తెలుసు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మర్రిగూడ, మునుగోడు పల్లెలకు సైతం గ్రానైటు పొరల్లోని బోరునీరు హాని చేసింది, ఎక్కడి నుంచో పైపులో తెచ్చిన నది నీరు మేలు చేసింది. కోడలు కూడా దీన్ని కాదనలేదు. ఆమె వేరే వైపు నుంచి వచ్చింది.

కోడలు: 312 టీఎంసీలు అన్నావు. కట్టినప్పుడు ఎంత మామా?

మామ: 408.

కోడలు: ఆ మిగతా 96 ఏమైనట్టు?

మామ: పూడిక.

కోడలు: ఎక్కడి మట్టి అది? చాలావరకు పైనుంచి కొట్టుకొచ్చిన రేగడి. బసాల్టు అరిగితే నల్లరేగడి అవుతుంది. శ్రీశైలం మొదట 308 టీఎంసీలు, ఇప్పుడు 215 దరిదాపు. నువ్వు నీళ్లను ఆపావు, లావా మట్టి కూడా వాటితోపాటే వచ్చి కట్ట వెనక కూర్చుంది. నీటికి వేళ పెట్టగలిగావు, మట్టికి పెట్టలేకపోయావు. పోగొట్టుకున్న ఆ 96 టీఎంసీలతో వరి అయితే ఎన్ని ఎకరాలు?

మామ: టీఎంసీకి ఆరు వేలు లెక్క. ఐదు లక్షల డెబ్బై ఆరు వేల ఎకరాలు. కాదనను. కానీ పూడిక చేరుతుందని ఏ డ్యామూ కట్టకుండా ఊరుకుంటామా?

కోడలు: ఊరుకోమనలేదు. కట్టేటప్పుడు రాయి మాట వినమంటున్నాను. వినకపోతే ఏమవుతుందో అమెరికాలో తెలిసింది. ఇడాహో రాష్ట్రంలో టీటన్ డ్యాము. 1976 జూన్ 5న, మొదటిసారి నింపుతుండగానే తెగింది. పదకొండు మంది పోయారు. అది కట్టింది అగ్నిపర్వత శిల మీద, రయొలైటు మీద. దాన్నిండా పగుళ్లు. పగుళ్లలోంచి నీళ్లు దూరి కట్ట మట్టిని లోపలి నుంచి తినేశాయి. అగ్నిపర్వత నేలే, పక్కనే స్నేక్ నది మైదానంలో, లావా పొరల్లోకి ఇంకిన నీళ్లను మైళ్ల కొద్దీ లోపలే నడిపించి లోయ గోడల్లోంచి ఊటలుగా బయటికి వదులుతుంది. ఊటకు మంచిదైన రాయి కట్టకు మంచిది కాకపోవచ్చు.

మామ: సాగర్ కింద అటువంటి పగుళ్ల లావా లేదు.

కోడలు: లేదు. అందుకే నిలబడింది. గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీని ఇసుక మీద కట్టారు, 2023 అక్టోబరులో పియర్లు కుంగాయి.

మామ: దాని మీద విచారణలు జరిగినయ్, డిజైనుదా, కట్టుబడిదా, నిర్వహణదా అని. ఇసుక మీద బ్యారేజీలు కట్టకూడదని ఎక్కడా లేదు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ ఉన్నది ఇసుక మీదే. రాయి ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకు.

కోడలు: సరే, అది వదిలేస్తాను. మన ఇంటి దగ్గరికే వద్దాం. మీ ఎడమ కాలువకు మిర్యాలగూడ ఇవతల నల్లరాయి అడ్డం తగిలేదని నువ్వే చెప్పేవాడివి చిన్నప్పుడు.

మామ: అవునవును. బ్రాంచి కాలువలు తవ్వేటప్పుడు గ్రానైటులో నల్లరాయి పట్టీ వచ్చేది. మా సీనియర్లు దాన్ని చూస్తేనే జిలెటిన్ ఎక్కువ తెప్పించుకునేవాళ్లు. సుత్తి వేస్తే గణగణమని మోగేది.

కోడలు: దాన్నే మేం డైకు అంటాం, డోలరైటు డైకు. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగిన శిల, గ్రానైటు పగుళ్లలోకి ఎక్కి అక్కడే గడ్డకట్టింది. దక్కన్ లావా కన్నా ఎంతో పాతది. పైన చూస్తే చేలల్లో వరసగా నల్ల గుండ్లు ఒక గీత గీసినట్టు పోతుంటాయి. కింద మాత్రం అది నిలువు గోడ. గ్రానైటు పగుళ్లలో పారే భూగర్భజలం దానికి తగిలి ఆగుతుంది. మనిషి కట్టని ఆనకట్ట అది, భూమి లోపలిది. మా అత్తగారి ఊళ్లో అటువంటి గీతకు ఎగువన బోరు వేస్తే నీళ్లు, దిగువన నాలుగడుగుల దూరంలో వేస్తే దుమ్ము. అన్నదమ్ములు పొలం పంచుకుంటే ఒకడికి నీళ్లొచ్చాయి, ఒకడికి రాలేదు. మొదటివాడి బోరు వల్లనే తనది ఎండిందని రెండోవాడి కోపం. నిజానికి ఇద్దరి మధ్యా ఉన్నది ఆ రాయి.

మామ: ఇది నాకు కొత్త కాదు గానీ ఇట్లా ఎప్పుడూ అనుకోలేదు. అయితే ఒకటి. ఆ బోర్లలోకి నీళ్లు వచ్చింది కూడా మా కాలువ ఊటతోనే.

కోడలు: ఇప్పుడు నువ్వే చెప్పావు! ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చి 2010 తరువాత కాలువలకు లైనింగు వేశారు. నీళ్లు చివరిదాకా త్వరగా వస్తాయన్నారు, చాలా చోట్ల వచ్చాయి కూడా. కానీ కట్ట కింద బావుల్లోకి దిగే ఊట తగ్గింది. మీ పుస్తకాల్లో అది నష్టం, అంటే వృథాగా పోయే నీరు. మా ఊళ్లో అదే రెండో పంట.

మామ: ఊట కోసం లైనింగు మానేస్తే మీ ఊరి దాకా కాలువే రాదు కోడలా. తల దగ్గరి రైతు ఆరుతడి పెట్టమంటే వరి పెడతాడు. ఇక మీకు మిగిలేది ఏంది?

కోడలు: ఆ తల దగ్గరి రైతు మీ ఊరివాడే కదా.

మామ నవ్వి ఊరుకున్నాడు. నల్గొండ ఆయకట్టులో ఇది పాత కక్షే. ఆరుతడికి నిర్ణయించిన భూముల్లో వరి వేయడం, పైన తూములు పెద్దవి చేసుకోవడం, చివర మునగాల, నడిగూడెం, కోదాడ వైపు రైతులు రాత్రిళ్లు కట్ట వెంట కాపలా తిరగడం, ఇవన్నీ ఆ ఊళ్లకు తెలిసిన కథలే. వాళ్లిద్దరూ దాని మీద ఎక్కువ సేపు నిలవలేదు. అసలు గొడవ తరువాత మొదలైంది.

కోడలు: మామా, 2024 సెప్టెంబరు 1 గుర్తుందా?

మామ: ఎట్లా మరిచిపోతాను? నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర కాలువకు గండి పడింది.

కోడలు: ఆ ముందు రోజు నుంచి కుండపోత. మన జిల్లాలో కొన్ని మండలాల్లో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు దగ్గరగా పడింది. కోదాడలో కార్లు కొట్టుకుపోయి మనుషులు చనిపోయారు. గండి పడ్డాక చూడ్డానికి పోయాను. కట్ట తెగిన చోట లైనింగు పలకలు విరిగి పొలాల్లో పడున్నాయి. నాట్లు వేసిన మళ్ల మీద మోకాటి లోతు ఇసుక, దాని మీద గులకరాళ్లు. ఒక ముసలాయన వంగి ఆ ఇసుక తవ్వి వరి మొక్క వేరు ఉందేమోనని చూస్తున్నాడు. పక్కనే పాత వాగు. కట్ట తెగింది దాని వైపే. నీళ్లు మళ్లీ ఆ వాగు దారిలోనే కిందికి పోయాయి. అందుకే అడుగుతున్నా, నీరు ఎవరి మాట విన్నది?

మామ: వానను చూడు ముందు. ఆ వానకు ఏ కాలువ నిలుస్తుంది?

కోడలు: వాన ఒక్కటే కాదు. 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర కూడా గండి పడింది కదా, ఆ రోజు 30 సెంటీమీటర్ల వాన లేదు. మీ కాలువ నేల మట్టం పట్టుకుని సన్నటి వాలుతో తూర్పుకు పోతుంది. మన వాగులు? వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, కృష్ణ వైపు. అంటే కాలువ ప్రతి వాగునూ అడ్డంగా కోసుకుంటూ పోతుంది. మూసీ, పాలేరు లాంటివి సరే, పెద్దవి. పేర్లు కూడా లేని వాగులు, ఒర్రెలు ఎన్ని ఉన్నాయి?

మామ: వాటికి మేం దారి ఇవ్వకుండా లేము. పెద్ద నది అయితే కాలువను అక్విడక్టు మీద ఎక్కించి దాటిస్తాం. చిన్న వాగు అయితే కాలువ కింద అండర్ టన్నెల్. వాగు మట్టం ఎత్తుగా ఉంటే కాలువ మీద నుంచి సూపర్ ప్యాసేజ్. ఏ వాగుకు ఎంత పరీవాహక ప్రాంతం, ఎంత వరద వస్తుంది అని లెక్క కట్టే డిజైన్ చేసినం.

కోడలు: ఎప్పటి లెక్క?

మామ: అరవైల నాటి లెక్క.

కోడలు: ఆ అండర్ టన్నెళ్లు ఇప్పుడు ఎట్లా ఉన్నాయి? నువ్వు రిటైరయ్యాక ఒక్కసారన్నా వంగి చూశావా? నేను చూశాను. సగం దాకా పూడిక, మూతి దగ్గర సర్కారు తుమ్మ. ఎగువన వాగును దున్ని చేను చేసుకున్నారు. ఇంకోచోట వాగు మీదుగా రోడ్డు పోసి కింద రెండు గూనలు పెట్టారు. వరద వస్తే ఎక్కడికి పోవాలి? కట్టకు ఎగువన చెరువులాగా నిలుస్తుంది, కట్ట ఎక్కి కాలువలో పడుతుంది. కాలువ 11 వేల క్యూసెక్కులకు కట్టింది తల దగ్గర. మా దగ్గరికి వచ్చేసరికి అంత పెద్దది కూడా కాదు. వాగులన్నీ కాలువలో పడితే అది ఎక్కడో ఒకచోట తెగాల్సిందే, తెగేది పాత వాగు ఉన్నచోటే.

మామ: అది నిర్వహణ లోపం. డిజైను లోపం కాదు.

కోడలు: నేల వాలుకు అడ్డంగా వంద కిలోమీటర్ల గోడ పెట్టి, దానికి కన్నాలు పెట్టి, ఆ కన్నాలు ఎప్పటికీ శుభ్రంగా ఉంటాయని నమ్మడం డిజైనులో భాగమే.

మామ: (కాసేపటికి) నేను ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకు. మూసీ ప్రాజెక్టు చూశావు కదా, సూర్యాపేట పక్కన సోలిపేట దగ్గరిది. 1963లో పూర్తయింది, 4.46 టీఎంసీలు. వేసవిలో మూసీలో పారే నీళ్లు ఎక్కడివి?

కోడలు: హైదరాబాద్ మురుగు.

మామ: ఆ మురుగు అయ్యే ముందు ఏ నీళ్లు? 2004 నుంచి హైదరాబాద్ తాగుతున్నది సాగర్ వెనక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు. 2015 నుంచి ఎల్లంపల్లి గోదావరి. నగరం వాడి వదిలేస్తే మూసీలో పడి సూర్యాపేట వస్తున్నాయి. అక్కడ కొంత పొలాలకు, మిగతాది వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలో. సాగర్‌కు పైన తీసుకున్న చుక్క, హైదరాబాద్ చుట్టి, సూర్యాపేట మీదుగా సాగర్‌కు దిగువన నదిలో కలుస్తోంది. ఈ తిప్పు ఏ రాయి తిప్పింది? మనిషి తిప్పింది. మంచికో చెడుకో, మూసీ ఇప్పుడు మేం చేసిన నది. నీ వాదనలో దీనికి చోటు ఉండాలె.

కోడలు: ఉంది. ఆ నీళ్లతో పండిన గడ్డి తిన్న పశువులు, ఆ నీళ్లు ఇంకిన బావులు, వాటికీ చోటు ఉండాలి. నువ్వు తిప్పిన నీళ్లు హైదరాబాద్ నుంచి వాడపల్లి దాకా మూసీ పాత దారినే పట్టుకు వచ్చాయి. దారి కొత్తది కాదు, అందులో పోసింది కొత్తది. 2019 అక్టోబరులో సోలిపేట డ్యాము గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు, 2021 ఆగస్టులో కృష్ణ మీది పులిచింతల డ్యాము పదహారో గేటు కొట్టుకుపోయినప్పుడు, నీళ్లకు ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. తమ దారి తమకు తెలుసు.

మామ: రెండుచోట్లా గేటు మళ్లీ పెట్టినం.

కోడలు: పెట్టారు, నిజమే. గేటు ఊడితే ఊరంతా చూస్తుంది, టీవీలో వస్తుంది, వెంటనే పెడతారు. అండర్ టన్నెల్ పూడితే ఎవరు చూస్తారు? పిల్లలమర్రిలో గుళ్లు కట్టించిన రేచర్ల రెడ్లు ఎనిమిది వందల ఏళ్ల కిందట చెరువులు తవ్వించారు. చెరువు అలుగు పోస్తే నీళ్లు ఏ వాగులో పడాలో, కింది చెరువుకు ఎట్లా పోవాలో చూసుకుని కట్టారు. వాళ్లకు నేల వాలుతో పోట్లాట లేదు. మీరు పోట్లాడే పని పెట్టుకున్నారు, తప్పు లేదు, అంత పెద్ద ఆయకట్టు గొలుసు చెరువులతో రాదు. కానీ పోట్లాట మొదలుపెట్టినవాడు రోజూ కాపలా ఉండాలి.

మామ: చెరువుల లెక్క నాకు చెప్పకు. గొలుసు చెరువులు కూడా ఒకటి తెగితే కింద అన్నీ తెగుతాయి. కానీ కాపలా మాట ఒప్పుకుంటా. నేను చేరినప్పుడు ప్రతి సెక్షనుకూ లష్కర్లు ఉండేవాళ్లు. కట్ట మీద నడిచి ఎలుక బొరియ చూసినా వచ్చి చెప్పేవాళ్లు. వాళ్లు రిటైరైతే ఆ పోస్టుల్లోకి మళ్లీ మనుషులు రాలేదు.

కోడలు: మరి ఏం చేయాలి? డిప్యూటీ ఇంజనీరుగా చెప్పు, మామగా వద్దు.

మామ: ముందు కాలువ దాటే ప్రతి వాగు పరీవాహక ప్రాంతాన్ని ఇప్పుడున్న వానలతో మళ్లీ లెక్క కట్టాలె. మీ పిల్లలతో మ్యాపులు గీయించు, శాటిలైటు చిత్రాలు ఉన్నయ్ కదా. ఏ అండర్ టన్నెల్ చాలదో తేలుతుంది. చాలనిచోట దాని పక్కన ఇంకో గూడు తవ్వాలె. కాలువను కోసి కడితే తప్ప కాదు.

కోడలు: అయితే కాలువ ఆపాలి.

మామ: అదే చిక్కు. ఖరీఫ్‌లో ఆపలేము. యాసంగికి మీ చివరి తూములకు ఏప్రిల్ దాకా నీళ్లు ఇవ్వాలె. మిగిలేది మే, జూన్. ఆ రెండు నెలల్లో రెండు మూడు అండర్ టన్నెళ్ల కన్నా ఎక్కువ పూర్తి కావు. అన్నీ కావాలంటే ఏళ్లు పడుతుంది. లేదా ఒక యాసంగి మొత్తం వదులుకోవాలె. తల దగ్గర మా మిర్యాలగూడ రైతు వదులుకుంటాడా? మిల్లులవాళ్లు ఊరుకుంటారా?

కోడలు: చివరి రైతు ఏడాది విడిచి ఏడాది వదులుకుంటూనే ఉన్నాడు మామా. ఈసారి తల దగ్గరివాళ్ల వంతు రానీ.

మామ: ఆ మాట మీ నడిగూడెంలో అంటే చప్పట్లు కొడతారు. మిర్యాలగూడ వచ్చి చెప్పు.

కోడలు: వస్తాను. నువ్వు పక్కన కూర్చుంటావా?

మామ: కూర్చుంటా. కానీ నీ లావా ముచ్చట అక్కడ ఎత్తకు. నేరుగా వాగుల లిస్టు చేతిలో పెట్టు, ఏది ముందు తెగుతుందో వరసగా రాసి. మొదట పాలేరు రిజర్వాయరుకు ఎగువన ఉన్న ముక్క తీసుకుందాం, అక్కడే ఎక్కువ నష్టం జరిగింది.

కోడలు: దానికి ఎగువన మునగాల వాగులు కూడా చేర్చాలి.

మామ: చేర్చు. పాత డిజైను డ్రాయింగులు నా దగ్గర కొన్ని జిరాక్సులు ఉన్నయ్. రేపు పొద్దున వచ్చి తీసుకుపో, చదవడం వస్తే.

కోడలు: రాకపోతే నువ్వు చెబుతావుగా.